పుఅర్ టీని మరిగించమని రాయకండి

ఎడిటర్ గారికి నమస్కారం. మాది ఒడిశాలోని గజపతి జిల్లా పర్లాకిమిడి. బస్టాండు దగ్గర 28 ఏళ్ళుగా టీ కొట్టు నడుపుతున్నాను. మీ పేపర్ మా కొట్టుకి రోజూ రెండు కాపీలు వస్తాయి, ఒకటి నేను దాచుకుంటాను, రెండోది తొమ్మిదయ్యేసరికి షీటుకి షీటు విడిపోయి నలుగురి చేతుల్లో ఉంటాది, ఇక్కడ ఒడియా పేపర్లు ఎన్ని దొరికినా తెలుగు పేపర్ కోసమే ఆగి ఇంకో టీ చెప్పేవాళ్ళు ఉన్నారు మరి. పోయిన ఆదివారం మీరు ఒళ్ళు తగ్గించే టీల గురించి సగం పేజీ వేసేరు కదా, అందులో చైనా వాళ్ళ పుఅర్ టీ మీద ఒక పేరా ఉంది. అది చదివిన దగ్గర్నుంచి మనసు ఊరుకోవడం లేదు, అందుకే రాత్రి కొట్టు కట్టేసేక కూర్చుని ఫోన్లో టైపు చేస్తున్నాను. తప్పులుంటే దిద్దుకోండి గానీ నా భాష మాత్రం మార్చకండి. గిడుగు రామమూర్తి పంతులు గారు పాఠాలు చెప్పిన ఊరు మాది, మాట్లాడినట్టే రాయాలని ఆయన ఎంత పోరాడేరో ఇక్కడ అందరికీ తెలుసు, 1936లో మా ఊరు ఒడిశాలోకి వచ్చేసినా ఆ మాట మాతోనే ఉండిపోయింది.

ముందు పేరు సంగతి. మీరు ప్యూర్ టీ అని వేసేరు. చదివినవాళ్ళు శుద్ధమైన టీ అనుకుంటారు, మా కొట్లో ఇద్దరు అలాగే అనుకున్నారు, అయితే మనం తాగేది కల్తీదా అని నన్ను అడిగేరు కూడా. అది ఊరి పేరండీ. పూ అని, అర్ అని, రెండూ కలిపి అనాలి. చైనాకి దక్షిణం వైపు యునాన్ అని ఒక రాష్ట్రం ఉంది, బర్మా, లావోస్, వియత్నాం సరిహద్దులు దానికి తగుల్తాయి, అక్కడ పుఅర్ అనే ఊళ్ళో ఈ టీ వ్యాపారం జరిగేది కాబట్టి ఆ పేరు వచ్చింది. ఆ టీకి ఎంత పేరొచ్చిందంటే 2007లో అక్కడి సిమావ్ అనే నగరానికి పేరు మార్చి పుఅర్ అనే పెట్టుకున్నారు.

రెండోది, పది నిమిషాలు మరిగించి, సగానికి ఇంకిన తర్వాత నిమ్మకాయ పిండుకుని పరగడుపున తాగాలని రాసేరు. ఇది చదివి నాకు నిజంగా బాధేసింది. ఎందుకు బాధేసిందో చెప్పాలంటే ఆ టీ నా దగ్గరకి ఎలాగొచ్చిందో చెప్పాలి.

మా అప్ప కొడుకు ఓడల్లో పనిచేస్తాడు, ఇంజిన్ రూములో. సింగపూర్‌లో ఓడ ఆగినప్పుడు అక్కడి చైనా బజార్లో ఒక టీ బిళ్ళ కొని, సెలవుకి వచ్చినప్పుడు తెచ్చేడు. మావయ్యా, నువ్వు జన్మంతా టీతోనే ఉన్నావు, ఇది ఒకసారి చూడు అన్నాడు. ఖరీదు మన డబ్బుల్లో 1,700 అయ్యిందట. పల్చటి కాయితంలో చుట్టి, వెనకాల ఆ కాయితాన్నే మడతలు పెట్టి గుంటలోకి దోపేసి ఉంది. కాయితం విప్పితే టిఫిన్ ప్లేటంత గుండ్రటి బిళ్ళ, ఒక్కొక్క ఆకూ విడివిడిగా కనిపిస్తాది, కొన్ని నల్లగా కొన్ని ఆకుపచ్చ నలుపుగా మధ్య మధ్యలో తెల్లటి మొగ్గలు. మా ఆవిడ తట్టి చూసి పిడకలాగుందే అంది, నిజమే, గట్టితనం కూడా అంతే. వెనక మధ్యలో గుంట ఎందుకుందో తర్వాత తెలిసింది, ఆకుని ఆవిరి పట్టి గుడ్డ సంచిలో పోసి, సంచి మూతిని ముడేసి, బరువు కింద నొక్కుతారట, ఆ ముడి దిగిన చోటు అది.

బిళ్ళ బరువు 357 గ్రాములు. ఇలాంటివి ఏడు కలిపి వెదురు పొరలో కడితే ఒక కట్ట, లెక్కేస్తే రెండున్నర కిలోలకి ఒక్క గ్రాము తక్కువ. పాత రోజుల్లో కంచర గాడిదల మీద కొండదారుల్లో టిబెట్ దాకా మోసేవారు కాబట్టి ఇలాగ గట్టిగా నొక్కడం, లెక్కగా కట్టడం. ఈ టిబెట్ ముక్క చదివినప్పుడు నాకు ఒళ్ళు జలదరించింది, ఎందుకంటే మా జిల్లాలోనే మోహన దాటేక చంద్రగిరిలో 1963 నుంచి టిబెట్ వాళ్ళు ఉంటున్నారు, జిరంగ్‌లో వాళ్ళ పెద్ద గుడి కూడా ఉంది, 2010లో దలైలామా గారు వచ్చి తెరిచేరు. కార్తీకంలో ఒకసారి మేం కుటుంబంతో వెళ్ళినప్పుడు అక్కడ ఒక పెద్దావిడ మాకు వెన్న వేసిన ఉప్పు టీ ఇచ్చింది. పంచదార లేని టీ ఒకటి ఉంటాదని నేను మొదటిసారి నోటితో తెలుసుకున్నది అక్కడే. వాళ్ళ తాతలు తాగిన టీ యునాన్ నుంచీ దాని పక్క రాష్ట్రం సిచువాన్ నుంచీ ఇలాగ అచ్చులుగా నొక్కి, జంతువుల వీపు మీద వెళ్ళిందే.

సరే, బిళ్ళ చేతికొచ్చిన రోజు సాయంత్రం నేనేం చేసేనంటే, సుత్తితో ఒక మూల కొట్టి, ఊడిన ముక్కని మన టీలాగే పాలల్లో వేసి అల్లం దంచి బాగా మరగబెట్టేను. నోట్లో పెట్టుకోలేకపోయేం. నేలవేము కషాయం ఉంటాది చూడండి, అలాగ, పైగా పాలు తగిలేక ఆ చేదు నాలికకి అతుక్కుపోయింది. మేనల్లుడు అప్పటికి డ్యూటీకి వెళ్ళిపోయేడు. వారం తర్వాత ఫోన్ చేసినప్పుడు చెప్పేడు, మావయ్యా అది మరిగించేది కాదు, వేడినీళ్ళు పోసి పది లెక్కపెట్టి వంచేసుకోవడమే అని. మీ పేపర్ చదివి ఎవరైనా ఖర్చుపెట్టి కొనుక్కుని పది నిమిషాలు మరిగిస్తే వాళ్ళకీ నాకు జరిగినదే జరుగుతాది, ఇంక జన్మలో దాని జోలికి పోరు.

ఎందుకు మరిగించకూడదో టీ కొట్టు వాడిగా నేను చెప్పగలను. మనం వాడేది సీటీసీ, డస్టు. ఆకుని పళ్ళున్న రోలర్ల మధ్య నలిపి చింపి ఉండ చుట్టి గింజ చేస్తారు, 1930ల్లో అస్సాంలో పుట్టిన పద్ధతి. ఆ గింజ ఉన్నదంతా ఒక్క పొంగులో ఇచ్చేస్తాది, పాలూ పంచదారా మోయగలిగే బలం దానికి కావాలి, దాన్ని తయారుచేసిందే అందుకు. నేను దాన్ని తక్కువ చేసి మాట్లాడను, 28 ఏళ్ళు నా ఇల్లు నడిపింది అదే. ఈ బిళ్ళలో ఉన్నది నిండు ఆకు. అది కొంచెం కొంచెంగా పది సార్లు ఇస్తాది. మరిగిస్తే పది సార్లకి దాచుకున్న చేదూ వగరూ మొత్తం ఒక్క గ్లాసులోకి దిగిపోతాయి. చిత్రమేమిటంటే రెండూ ఒకే జాతి చెట్టు. యునాన్ పెద్దాకు టీ అన్నా, అస్సాం టీ అన్నా మొక్క ఒకటే, ఆకుని చేసే తీరులోనే తేడా అంతా.

పచ్చి పుఅర్‌ని వాళ్ళు షెంగ్ అంటారు. ఆకు కోసి కాసేపు వాడనిచ్చి, పెద్ద ఇనప మూకుట్లో చేత్తో తిప్పుతూ వేపుతారు, అయితే మరీ మాడ్చేయరు, తర్వాత నలిపి ఎండలో ఆరబెడతారు. ఎండలో ఆరబెట్టడమే దీనికి ప్రాణం. ఆ వేపుడులో ఆకు పూర్తిగా చచ్చిపోదు, అందుకే బిళ్ళ నొక్కేక కూడా ఏళ్ళ తరబడి లోపల మారుతూనే ఉంటాది, మన ఇళ్ళల్లో పాత చింతపండు నల్లబడినట్టు రంగు తిరుగుతాది, చేదు మెత్తబడతాది. అంత కాలం ఆగలేక 1973లో కున్మింగ్ ఫ్యాక్టరీలో ఇంకో పద్ధతి పట్టేరు, ఆకుని కుప్ప పోసి నీళ్ళు చల్లి కప్పెట్టి వారాల తరబడి మాగబెట్టడం. దాన్ని షౌ అంటారు, మాగిన పుఅర్ అనుకోండి. అది కాఫీ డికాషన్‌లా నల్లగా దిగుతాది, మట్టి వాసన, చేదు తక్కువ. పచ్చిది లేత పసుపు, తేనె రంగు, నా బిళ్ళ ఆ పచ్చిదే. మీ పేజీలో ఫోటో చూస్తే నల్లటి టీ ఉంది, రాతలో వర్ణించింది పచ్చిదాన్ని, ఈ రెండూ కలిపేస్తే కొనేవాడు మోసపోతాడు, ఎందుకంటే రెండూ ఒకలాంటి కాయితంలోనే చుట్టి అమ్ముతారు.

ఇప్పుడు నేను చేసే పద్ధతి చెప్తాను. దీనికి చైనా సామాన్లేవీ అక్కర్లేదు. బిళ్ళని సుత్తితో కొట్టకూడదు, ఆకు నుసి అయిపోతాది, నుసి అయితే చేదు తొందరగా దిగుతాది. కొత్త సన్న స్క్రూడ్రైవర్ ఒకటి టీ కోసమే విడిగా పెట్టుకున్నాను, బిళ్ళ అంచులోంచి అడ్డంగా నెమ్మదిగా గుచ్చి కొంచెం ఎత్తితే పొర పొరలుగా లేస్తాది, తాటి చాప విప్పినట్టు. 5 గ్రాములు తూస్తాను, మసాలాలు తూచుకునే చిన్న డిజిటల్ కాటా ఉంది నా దగ్గర, లేనివాళ్ళు టేబుల్ స్పూన్ నిండా అనుకోవచ్చు గానీ కాటా ఉంటేనే మంచిది, ఒక గ్రాము ఎక్కువైనా తెలిసిపోతాది. పాత్ర ఏమిటంటే 100 మిల్లీలీటర్లు పట్టే పింగాణీ కప్పు, దాని మీద సాసరే మూత. అంతే. నీళ్ళు బాగా మరిగేక దింపి, అర నిమిషం ఆగి, ముందు ఆకు మీద పోసి ఐదు లెక్కపెట్టి ఆ నీళ్ళు పారబోస్తాను. ఇది కడగడానికీ, గట్టిగా ఉన్న ముక్క మెత్తబడ్డానికీ. సాసరు పక్కకి కొంచెం జరిపి, వేలికి గుడ్డ చుట్టుకుని వంచితే సందులోంచి నీళ్ళు వస్తాయి, ఆకు లోపలే ఉండిపోతాది, జల్లెడ కింద పెట్టుకుంటే నుసి కూడా పడదు.

పారబోసేక వెంటనే తాగేద్దామని తొందరపడకండి. సాసరు వెనక్కి తిప్పి వాసన చూడండి, పొడి బిళ్ళలో లేని వాసన ఆ వేడి సాసరుకి అంటుకుని ఉంటాది. నాకు మొదట పొగ వాసన వచ్చింది, కట్టెల పొయ్యి మీద అన్నం దింపినప్పుడు ఉంటాది చూడండి ఆ పొగ, దాని వెనకాల మామిడి తాండ్ర, ఆ వెనకాల ఎండుగడ్డి. మా ఆవిడకి తాండ్ర రాలేదు, ఎండు రేగుపళ్ళు అంది. ఎవరి ముక్కు వాళ్ళది.

మొదటి నీళ్ళు ఎనిమిది లెక్కపెట్టి వంచేస్తాను. పల్చగా ఉంటాది, ఇంతేనా అనిపిస్తాది. రెండోదీ ఎనిమిదే, ఆకు అప్పుడు విచ్చుకుంటాది, చేదు ముందుకొస్తాది. మూడు, నాలుగు నీళ్ళే అసలైనవి. చేదు నాలిక మొదట్లో తగుల్తాది, వగరు బుగ్గల లోపల పక్కలు పట్టుకుంటాది, నేరేడు పండు తిన్నట్టు. ఈ చేదూ వగరూ ఒకటి కాదని మన భాష తెలిసినవాళ్ళకి చెప్పక్కర్లేదు, రెండింటికీ మనకి వేరే మాటలున్నాయి, ఈ టీ తాగేటప్పుడు ఆ రెండు మాటలూ ఎంత అవసరమో తెలుస్తాది. చేదు వచ్చి పోవాలి. పోకుండా అక్కడే కూర్చుంటే నీళ్ళు ఎక్కువసేపు ఉంచేరనో, ఆకు ఎక్కువ వేసేరనో అర్థం. సరిగ్గా వచ్చినప్పుడు మింగిన తర్వాత అర నిమిషానికి గొంతులోంచి తీపి పైకొస్తాది. ఉసిరికాయ నమిలి మంచినీళ్ళు తాగితే ఎలాగ ఉంటాదో అచ్చం అలాగ. నీళ్ళల్లో తీపి లేదు, పంచదార లేదు, అయినా నోరంతా తియ్యగా ఊట ఊరుతాది. నేను మొదటిసారి ఆ తీపి తెలిసినప్పుడు గ్లాసు కింద పెట్టి కాసేపు మాట్లాడలేదు. ఇన్నేళ్ళూ టీలో తీపి అంటే నేను చెంచాతో వేసేదే అనుకున్నాను.

ఐదో నీళ్ళ దగ్గర్నుంచి టైము పెంచుకుంటూ పోవాలి, పదిహేను, ఇరవై, ముప్పై, ఆ పైన నిమిషం. ఎనిమిదో నీళ్ళు రెండు నిమిషాలు ఉంచుతాను, అప్పటికి చేదు పూర్తిగా పోయి చెరుకు పిప్పి నమిలినట్టు సన్నటి తీపి మిగుల్తాది. అంతా అయ్యేక ఆకుని స్టీలు పళ్ళెంలో పరిచి చూస్తాను, ఇది నాకు ఇష్టమైన పని. మొగ్గా రెండాకులూ కాడతో సహా విచ్చుకుంటాయి, కొన్నిటికి రంపం పళ్ళలాంటి అంచు స్పష్టంగా ఉంటాది. నా బిళ్ళలో పైన మంచి ఆకు, లోపల ముక్కలూ కాడలూ ఎక్కువ, అక్కడక్కడా మూకుట్లో మాడిన చుక్కలు, పొగ వాసన ఆ వేపుడు దగ్గరే వచ్చుంటాది. చవక బిళ్ళ కాబట్టి అంతే ఉంటాది. దీన్ని నేను గొప్ప టీ అని చెప్పడం లేదు, వగరు కొంచెం ఎక్కువే, ఆరో నీళ్ళకి బలం తగ్గిపోతాది. కానీ నిజాయితీ గల టీ, ఆ డబ్బుకి అంతకన్నా అడగకూడదు.

నీళ్ళ సంగతి మీ పేజీలో అసలు లేదు, ఏ టీకైనా సగం అదే. మా ఇంటి బోరు నీళ్ళు ఉప్పన, కెటిల్ అడుగున తెల్లగా పెచ్చు కడతాది. ఆ నీళ్ళతో చేస్తే టీ మీద పల్చటి తెట్టు కట్టి, రంగు మసకబారి, గొంతులో తీపి రాలేదు. క్యాను నీళ్ళతో చేస్తే చేదు సూదిలా గుచ్చింది. కుళాయి నీళ్ళు రాత్రి కుండలో పట్టి పొద్దున్న వాడితే బాగా కుదిరింది. ఎండాకాలంలో మా మహేంద్రతనయ ఏటి ఇసకలో చెలమ తీసి ఒక బిందె తెచ్చుకుని, బాగా మరగబెట్టి చేసుకున్నాను ఒకసారి, ఆ రోజు మూడో నీళ్ళు ఇంకా గుర్తుంది నాకు.

పొద్దున్న నాలుగున్నరకి కొట్టు తెరుస్తాను, ఐదున్నర దాకా బేరం పల్చగా ఉంటాది, అప్పుడే ఈ టీ. వచ్చినవాళ్ళకి కూడా పోసి ఇచ్చేను. ఆటో నడిపే కుర్రాడు ఒక గుక్క తాగి, బాబాయ్ ఇందులో పంచదార మర్చిపోయేవు అన్నాడు, నాలుగో నీళ్ళకి ఇంకొంచెం పొయ్యి అని వాడే గ్లాసు పట్టేడు. కాలేజీలో ఒడియా చెప్పే మాస్టారు ఒకాయన వాకింగుకి వచ్చి రోజూ నా దగ్గర చక్కెర లేని లెమన్ టీ తాగుతారు, ఆయనకైతే మొదటి రోజే పట్టేసింది, చిన్నప్పుడు వాళ్ళమ్మ వేసవిలో లేత వేపచిగురు నమిలించేదట, అది గుర్తొచ్చిందన్నారు. ఇద్దరికి అస్సలు నచ్చలేదు, అందులో తప్పేం లేదు.

ఇంక మీరు రాసిన మూడో మాట, వేలకి వేలు పోసే డబ్బున్నవాళ్ళ టీ అని. ఉన్నాయి అలాంటివి, లావోబాంజాంగ్, బింగ్‌దావో అని కొన్ని ఊళ్ళ ఆకుకి విపరీతమైన రేటు, 2007లో అయితే జనం తాగడం మానేసి బిళ్ళలు కొని దాచి ధరలు పెంచేసేరు, అది ఆ ఏడాదే కుప్పకూలి చాలామంది నష్టపోయేరు. కానీ మామూలు తోటల ఆకు కలిపి ఫ్యాక్టరీలో నొక్కిన బిళ్ళ సామాన్యుడిది. నా లెక్క చూడండి. 357 గ్రాములంటే 5 గ్రాముల చొప్పున 71 సార్లు. 1,700ని 71తో భాగిస్తే ఒక్కోసారికి 24 రూపాయలు. ఎనిమిది నీళ్ళు, ఒక్కో నీళ్ళు నా కొట్టు గ్లాసుకి సరిపోతాది, అంటే గ్లాసు 3 రూపాయలు. నా కొట్లో పాల టీ 10 రూపాయలు. ఒకేసారి 1,700 తియ్యడం కష్టమే, ఒప్పుకుంటాను, అందుకే నలుగురు కలిసి ఒక బిళ్ళ కొని పంచుకోండని చెప్తున్నాను, లేదంటే తువో అని గిన్నె ఆకారంలో 100 గ్రాములవి కూడా ఉంటాయి.

కొనేటప్పుడు కాయితం మీద వెయ్యేళ్ళ చెట్టు ఆకు అని ఉండి ధర చవగ్గా ఉంటే నమ్మొద్దు. పాత చెట్లు నిజంగానే ఉన్నాయి, అక్కడ జింగ్‌మై కొండ మీది పాత టీ అడవుల్ని 2023లో యునెస్కో ప్రపంచ వారసత్వంగా గుర్తించింది, కానీ ఆ ఆకు ఈ ధరకి రాదు. దానికన్నా పెద్ద ఫ్యాక్టరీల నంబర్లు నమ్మదగ్గవి. 7542 అని ఉంటే, 75 అంటే ఆ పాళ్ళు 1975లో కుదిర్చినవని, 4 అంటే ఆకు సైజు, చివరి 2 అంటే మెంగ్‌హాయ్ ఫ్యాక్టరీ. చివర 3 ఉంటే షియాగ్వాన్. 75 చూసి 1975లో చేసిన టీ అని అంటగట్టేవాళ్ళు ఉంటారు జాగ్రత్త.

దాచుకోవడం మన వైపు కొంచెం కష్టం. వానాకాలం మా ఊళ్ళో అప్పడాలే మెత్తబడిపోతాయి, టీ బిళ్ళకి బూజు పట్టడం ఎంతసేపు. గాలి ఆడని ప్లాస్టిక్ డబ్బాలో తడి చేత్తో పెట్టకూడదు, ఫ్రిజ్‌లో వద్దు, ఎండలో వద్దు. అన్నిటికన్నా ముఖ్యం వాసనలు. ఈ ఆకు పక్కనున్న వాసనంతా పీల్చేసుకుంటాది. కొట్లో అల్లం, యాలక్కాయల డబ్బా పక్కన రెండు రోజులు మర్చిపోతే నా బిళ్ళ అంచుకి యాలక్కాయ వాసన పట్టింది, ఆ అంచు మొత్తం అలాగే తాగేయాల్సొచ్చింది. బీరువాలో బట్టల మధ్య కలరా ఉండలుంటాయి, అక్కడ అసలే వద్దు. నేను కొత్త కుండ ఒకటి కొని కడిగి వారం ఎండబెట్టి అందులో కాయితంతో సహా పెట్టి, పైన పల్చటి గుడ్డ కట్టి, నడింట్లో ఎత్తు మీద ఉంచేను. శ్రావణంలో వారానికొకసారి తీసి వాసన చూసేను, ముక్కవాసన రాలేదు.

ఒళ్ళు తగ్గడం గురించి ఒక్క మాట. మా పక్క వీధిలో ఒకావిడ ఈ టీ పేరుతోనే ఆన్‌లైన్‌లో పొట్లాలు తెప్పించుకుంది, నెలకి సరిపడా అని చాలా పెద్ద మొత్తం తీసుకున్నారు. పొట్లం చింపి చూపిస్తే అందులో పుఅర్ ఎంతుందో గానీ సునాముఖి ఆకు వాసన మాత్రం నాకు బాగా తెలిసింది, ఆవిడకి రోజూ విరేచనాలు, దాన్నే బరువు తగ్గడం అనుకుంది. నేను డాక్టర్ని కాదు, టీతో రోగాలు పోతాయో లేదో చెప్పను. నాకు తెలిసింది ఒక్కటే, లేత పచ్చి పుఅర్ పరగడుపున తాగితే కడుపులో తిప్పుతాది, నాకు ఒకసారి చేతులు సన్నగా వణికేయి కూడా, ఇందులో కెఫీన్ బాగానే ఉంటాది. ఏదైనా తిని తాగాలి. సాయంత్రం ఆరు దాటితే నేను తాగను, నిద్ర పట్టదు. పరగడుపున తాగమని మీరు వేసిన మాటని దయచేసి దిద్ది మళ్ళీ వెయ్యండి, మా కొట్టుకొచ్చే ముసలివాళ్ళు మీ పేపర్లో ఏం పడితే అది నిజంగా చేసేస్తారు.

నా దగ్గర బిళ్ళలో ఇంకా 200 గ్రాముల పైనే ఉంది. సగం ముట్టుకోకుండా కుండలో ఉంచేస్తున్నాను, వచ్చే ఏడాది ఉగాదికి తీసి వగరు ఎంత తగ్గిందో చూడాలని. మిగతా సగం తాగడానికే. మీ విలేకరులు ఎవరైనా మా ఊరు వస్తే పొద్దున్న నాలుగున్నరకి రమ్మనండి, ఎనిమిది నీళ్ళూ కూర్చుని తాగి వెళ్ళొచ్చు, డబ్బులొద్దు. వచ్చేముందు రెండు ఇడ్లీలైనా తిని రమ్మనండి.

ఇట్లు,
టీ కొట్టు నడిపే ఒక పాఠకుడు,
పర్లాకిమిడి, గజపతి జిల్లా, ఒడిశా